గడ్డి కింద మందిరం

"ఆగండి! ఒక్క చుక్క కూడా పొయ్యకండి!"

గారెత్ ప్రోసర్ రెండు చేతుల్లోనూ నీళ్ళ క్యాన్లున్నాయి. వాగు దగ్గర నింపుకుని, గట్టెక్కి, క్రికెట్ పిచ్ దాకా మోసుకురావడం ఆ ఉదయానికి అది పన్నెండోసారి. క్యాన్ వంచబోతుంటే ఎక్కడినుంచి ఊడిపడిందో ఒకమ్మాయి, పిచ్ మధ్యలో చేతులు బార చాపుకుని నిలబడింది. నెత్తిన గడ్డి టోపీ, మెడలో వేలాడుతున్న డ్రాయింగ్ బల్ల, ఎండకి కందిపోయిన ముక్కు.

"మీరు నిలబడ్డది పిచ్ మీద," అన్నాడు గారెత్. "అదీ బూట్లతో."

"మీరు నీళ్ళు పోస్తున్నది నా గోడ మీద."

"ఇక్కడ గోడేది?"

"అదేగా నేనూ వెతుకుతున్నది!"

ఎండదెబ్బ తగిలుంటుంది పాపం అనుకున్నాడు గారెత్. ఏడు వారాలుగా చినుకు లేదు. ఊళ్ళో కుక్కలు కూడా మొరగడానికి బద్ధకిస్తున్నాయి.

"కాసిని నీళ్ళు తాగుతారా?" అన్నాడు జాలిగా.

"మొక్కలకి పోసే క్యాన్‌లోంచా?"

"గడ్డికి పోసేది. మొక్కలంటే మా పిచ్‌కి కోపమొస్తుంది."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. ఆపుకున్నట్టు తెలిసిపోయేలా ఆపుకుంది. తర్వాత అతని చొక్కా చెయ్యి పట్టుకుని దిబ్బ వైపు లాక్కుపోయింది. తనని ఒకళ్ళు ఇలా లాక్కెళ్ళి ఎన్నేళ్ళయిందో గారెత్‌కి గుర్తు రాలేదు. బాగానే ఉందనిపించింది.

థార్న్‌లో అనే ఆ ఊరివాళ్ళు తమ కోటని కోట అనుకోవడం ఎప్పుడో మానేశారు. మిగిలిందేముంది గనక? గడ్డి మొలిచిన ఒక పెద్ద దిబ్బ, దాని నెత్తిన విరిగిన పన్నులాంటి మొండిగోడ, చుట్టూ దురదగొండి నిండిన కందకం, అందులో గొర్రెలు. రాళ్ళన్నీ కాళ్ళొచ్చినట్టు నడిచి ఊళ్ళోకి వెళ్ళిపోయాయి. కొన్ని చర్చిలో చేరాయి, కొన్ని పబ్బులో, చాలా మటుకు పందుల దొడ్లలో. సైనికులూ గుర్రాలూ తిరిగిన పెద్ద ఆవరణలో ఇప్పుడు శనివారాలు క్రికెట్ ఆడతారు. ఆ మైదానం బాగోగులు చూసేది గారెత్. తాత చేసిన పనే, తాత పోయాక ఇతనికొచ్చింది.

దిబ్బ ఎక్కాక ఆ అమ్మాయి వేలు చూపించింది. "చూడండి."

చూశాడు. రోజూ చూసే మైదానమే, పసుపుపచ్చగా మాడిపోయి ఉంది. కళ్ళు చికిలించాక ఆ పసుపులోనే ఇంకా పాలిపోయిన గీతలు కనబడ్డాయి. దారం వేసి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఒకటి కందకం వెంట పోయి మలుపు తిరిగింది. ఇంకోటి దానికి అడ్డంగా వచ్చి, సరిగ్గా తను నీళ్ళు పోసి పెంచిన పచ్చటి చాప అంచున మాయమైపోయింది.

"కింద పునాదిరాళ్ళున్న చోట మట్టి పల్చగా ఉంటుంది. గడ్డి ముందు అక్కడ చచ్చిపోతుంది. ఇలాంటి ఎండలు ఏ ఇరవై ఏళ్ళకోసారో వస్తాయి. కోట తనంతట తనే లేచి కనబడుతోంది. మీరేమో దాని మొహాన నీళ్ళు కొడుతున్నారు!"

చిన్నప్పటినుంచీ పొర్లాడిన నేల కింద ఇంత పెద్ద కోట ఇంత నిశ్శబ్దంగా పడుకుని ఉందంటే గారెత్‌కి ఒళ్ళు జలదరించింది.

"మీ పేరు?" అన్నాడు.

"టామ్‌సిన్ వేల్. పాత కట్టడాల ఆఫీసు నుంచి వచ్చాను. పబ్ మీద గదిలో ఉంటున్నాను. వానలొచ్చే దాకా."

"వానలొచ్చాక?"

"గీతలు పోతాయి, నేనూ పోతాను."

అప్పటిదాకా వాన కోసం మొక్కుకుంటున్న గారెత్ ఆ క్షణాన మొక్కు వెనక్కి తీసుకున్నాడు.

*

అయినా నీళ్ళు మాత్రం ఆపలేదు. మరో మూడు వారాల్లో పక్క ఊరు హాప్లీతో మ్యాచ్ ఉంది మరి. ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆట. థార్న్‌లో జట్టు గెలిచి పదేళ్ళయింది. "ఆ ఒక్క ముక్క తప్ప మైదానమంతా మీదే," అన్నాడు. టామ్‌సిన్ గొణుక్కుంటూ ఒప్పుకుంది.

మొదటి వారం అతను రోజుకోసారి దిబ్బ ఎక్కాడు. ఫ్లాస్కులో టీ తెచ్చానన్నాడు. రెండో వారానికి టీ తేవడం కూడా మర్చిపోయి ఉత్త చేతులతో ఎక్కాడు. మీరు కాస్తా నువ్వయింది. ఎవరు ముందన్నారో ఇద్దరికీ తెలీదు.

"అసలు దేని కోసం వెతుకుతున్నావు?" అని అడిగాడొకరోజు, టేపు రెండో కొస పట్టుకుని.

"సిబిల్ మందిరం కోసం. ఏడు వందల యాభై ఏళ్ళ కిందట ఈ కోట దొర పెళ్ళి చేసుకుని సిబిల్‌ని తెచ్చుకున్నాడు. ప్రార్థనకి ఊరి చర్చి దాకా ఈ బురదలో నడవనంది ఆవిడ. కోటలోనే మందిరం కట్టిస్తే ఉంటా, లేదా మా పుట్టింటికి పోతా అంది."

"కట్టించాడా?"

"కట్టించాడనే రాసుంది. సున్నం ఎన్ని బండ్లో, తాపీవాళ్ళు ఎందరో అన్నీ రాశారు. ఎక్కడ కట్టారో మాత్రం రాయలేదు. వందేళ్ళుగా ఎవరికీ దొరకలేదు."

"ఆవిడ మటుకు గట్టిదే."

"గట్టిది కాదు. తనకేం కావాలో తనకి తెలుసు. అందరికీ అంత తెలీదు," అని టామ్‌సిన్ దూరంగా చూసింది.

ఆ రోజులు గారెత్‌కి కలలో నడిచినట్టే గడిచాయి. మధ్యాహ్నాలు వాగు మీద ఎండ మిలమిలలాడేది. తేనెటీగల రొద తప్ప చప్పుడుండేది కాదు. కొలతలు తీసీ తీసీ అలిసిపోయి ఆమె మొండిగోడ నీడలో టోపీ మొహాన వేసుకుని పడుకునేది. గారెత్ పక్కన కూర్చుని గొర్రెల్ని చూసేవాడు. గొర్రెల్ని చూస్తున్నట్టు ఉండేవాడు. టోపీ కింది నుంచి గొంతు వచ్చేది.

"గొర్రెలు ఆ పక్కనున్నాయి గారెత్."

"తెలుసు. ఇటు కూడా వస్తాయేమోనని."

ఆమె టోపీ తీయకుండానే నవ్వేది. ఆమె మీద ప్రేమ పుట్టిందని గారెత్‌కి తెలిసింది అలాంటి ఒక మధ్యాహ్నమే. పెద్ద ఆశ్చర్యమేమీ కలగలేదు. గడ్డి కింద ఎప్పటినుంచో ఉన్నదే పైకి కనబడింది అనుకున్నాడు.

*

సోమవారం పొద్దున్నే కేక వినబడి పరుగెత్తాడు. టామ్‌సిన్ చర్చి వైపు మూలలో నిలబడి గెంతుతోంది.

"గుండ్రంగా ఉంది! చూడు, చక్కటి వలయం! గుండ్రటి మందిరాలు ఈ దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సిబిల్ మందిరం దొరికింది గారెత్!"

అతని భుజాలు పట్టుకుని ఊపేసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. గారెత్ ఆ వలయం వైపు చూశాడు.

ఆ వలయం అతనికి బాగా తెలుసు. ఏటా మే పండుగకి ఊరివాళ్ళు సరిగ్గా అక్కడే స్తంభం పాతుతారు. పిల్లలు దాని రిబ్బన్లు పట్టుకుని గిరగిరా తిరుగుతారు. తాతల కాలం నుంచీ అవే కాళ్ళు, అదే దారి. నేల రాయిలా గట్టిపడిపోయింది. ఎండలకి అక్కడి గడ్డి మాడక ఏం చేస్తుంది? ఏడేళ్ళప్పుడు తనూ ఆకుపచ్చ రిబ్బన్ పట్టుకుని అక్కడ తిరిగాడు. తిరిగి తిరిగి పాస్టర్ గారి బూట్ల మీద వాంతి కూడా చేసుకున్నాడు.

చెప్పాలి. నోరు తెరిచాడు.

"మా హార్ట్‌నోల్ మేడమ్‌కి ఫోన్ చేసేశాను!" అంది టామ్‌సిన్. "ఆవిడే స్వయంగా చూడ్డానికి వస్తున్నారు. నాకు ఈ ఉద్యోగం నిలుస్తుందో లేదో అని ఎంత భయపడ్డానో నీకు తెలీదు."

తెరిచిన నోరు మూసుకున్నాడు. చెబితే ఇప్పుడే పెట్టె సర్దుకుంటుంది. రేపు చెప్పొచ్చులే అనుకున్నాడు. రేపు కూడా రేపే అనుకున్నాడు. మూడు రోజులు తేలు కుట్టిన దొంగలా మెలికలు తిరిగాడు గానీ పెదవి విప్పలేదు.

గురువారం నాన్నమ్మ నిమ్మరసం తీసుకుని వచ్చింది. డిల్లీస్ ప్రోసర్ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు. వలయం చుట్టూ కట్టిన దారం వైపు ముచ్చటగా చూసి అంది.

"ఏమ్మాయ్, మే స్తంభానికి ఇప్పుడే ముగ్గేస్తున్నారా? ఇంకా తొమ్మిది నెలలుంది కదా!"

టామ్‌సిన్ చేతిలో టేపు ఆగిపోయింది. "మే స్తంభమేంటండీ?"

"పిల్లలు గంతులేసే చోటు కదా ఇది. మా వాడు కూడా వేశాడు. అడుగు, ఎవరి బూట్లు పాడుచేశాడో చెబుతాడు."

నాన్నమ్మ నవ్వు మధ్యలో ఆగిపోయింది. జగ్గు అక్కడే పెట్టి మెల్లిగా జారుకుంది. టామ్‌సిన్ గారెత్ వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"...తెలుసు."

"ఎప్పటినుంచి?"

"సోమవారం నుంచి."

"అంటే మూడు రోజులు! పిల్లలు గంతులేసిన చోట నేను స్కేలు పట్టుకుని పాకుతుంటే తమాషా చూస్తూ కూర్చున్నావా?"

"తమాషా కాదు టామ్‌సిన్. నువ్వంత సంతోషంగా ఉంటే..."

"నా సంతోషం నువ్వు దాచిపెట్టడానికి మీ బీరువాలో వస్తువా? మేడమ్ కారు దిగి, ఇదేంటమ్మా అని నవ్వాక చెప్పేవాడివా?" ఆమె దారం పటపటా తెంపింది. "మేడమ్‌ని రావద్దని చెప్పేస్తాను. ఈ దిబ్బ కొలతలు మిగిలాయి. అవి ముగించి వచ్చే శనివారం ఐదింటి బస్సుకి పోతాను. అందాకా నాతో మాట్లాడకు."

*

శుక్రవారం పొద్దున గారెత్ వాగు దాకా వెళ్ళాడు. క్యాన్లు నింపలేదు. ఖాళీవే తెచ్చి షెడ్డులో పెట్టి తాళం వేశాడు.

మొదటి రోజునుంచీ ఆ అడ్డగీత అతని మనసులో మెదులుతూనే ఉంది. పచ్చటి పిచ్ అంచుకు వచ్చి మాయమైన గీత. కోటలో అన్ని చోట్లా వెతికారు. తను నీళ్ళు పోసే ఆ ఒక్క ముక్కా తప్ప.

నాలుగు రోజులకి పిచ్ రంగు మారింది. టీమ్ కెప్టెన్ బెవన్ చూసి నెత్తి బాదుకున్నాడు. ఊళ్ళో మాంసం కొట్టు అతనిదే, గొంతు కూడా ఆ కత్తికి తగ్గట్టే ఉంటుంది.

"ఒరేయ్, ఇది పిచ్చా, పిట్టలు తిరిగే పొలమా? మీ తాత బతికుంటే నీ వీపు చీరేసేవాడు!"

"మా తాత బతికుంటే నాకంటే ముందే క్యాన్లు పడేసేవాడు."

"హాప్లీ వాళ్ళ ముందు పరువు పోతే వచ్చే ఏడు నీకీ పని ఉండదు. చెబుతున్నా!"

"మంచిది," అన్నాడు గారెత్. అన్నాడే గానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. తాత చేతి పని అది.

టామ్‌సిన్ మాత్రం ఇటు కన్నెత్తి చూడలేదు. దిబ్బ అవతలి వాలులో, మైదానానికి వీపు పెట్టుకుని కొలతలు తీసుకుంది. దారిలో ఎదురుపడితే కందకంలోకి చూస్తూ పోయేది. దురదగొండిలో అంత చూసేదేముందో గొర్రెలకే తెలియాలి.

శనివారం రానే వచ్చింది. మధ్యాహ్నానికి వేల్స్ కొండల మీద మబ్బు పట్టింది. చెట్టు మీద ఆకు కదలడం లేదు. హాప్లీ వాళ్ళు నూట అరవై కొట్టారు. ఆ ఎండిన పిచ్ మీద బంతి కప్పలా ఎగురుతుంటే థార్న్‌లో వాళ్ళు వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి పోయారు. నాలుగు గంటలు దాటాక గారెత్ బ్యాట్ పట్టుకుని దిగాడు.

బౌలర్ పరుగు మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే గారెత్ కళ్ళు దిబ్బ మీదికి పోయాయి. ఆఖరిసారి చూసుకుందామని ఎక్కిందేమో, టామ్‌సిన్ మొండిగోడ పక్కన నిలబడి ఉంది. మొదటిసారి ఇటువైపు చూస్తోంది. టోపీ తీసేసింది. తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

మిడిల్ స్టంప్ ఎగిరి ఎంత దూరం పడిందో గారెత్ చూడనే లేదు. ఆమె దిబ్బ దిగి పరుగెత్తుకొస్తోంది. మైదానం మధ్యలోకే వచ్చేసింది.

"అమ్మా, మ్యాచ్ నడుస్తోంది," అన్నారు అంపైరుగా నిలబడ్డ పాస్టర్ గారు.

"ఎవరూ కదలకండి! పునాది ఇక్కడుంది! పైనుంచి మొత్తం కనబడుతోంది. నాలుగు గోడలు, తూర్పున అర్ధచంద్రంలా మలుపు. అది మందిరమే, ఇంకోటి కాదు!" ఆయాసంతో ఆమె మాట తడబడుతోంది. "పాస్టర్ గారూ, బౌలర్లు ఇన్నేళ్ళూ బంతి వేస్తున్నది బలిపీఠం దగ్గర నుంచి!"

"అందుకేనా మాకు వికెట్లు పడనిది?" అన్నాడు బెవన్.

ఉరిమింది. అందరూ ఆకాశం వైపు చూశారు.

"వాన పడితే రంగు తేడా పోతుంది. సోమవారానికి పచ్చబడిపోతుంది," అంది టామ్‌సిన్. "ఈ మబ్బులో ఫొటోకి ఆనవు. పైనుంచి గీయాలి, గీతల మీద గుర్తులుండాలి. మేకులు పాతే సమయం లేదు."

"మేమున్నాంగా," అన్నాడు గారెత్. "తెల్లబట్టల్లో ఉన్నాం. పైనుంచి బాగా కనబడతాం. ఎక్కడ నిలబడాలో చెప్పు."

"మేం గెలుస్తున్నాం!" అని అరిచాడు హాప్లీ కెప్టెన్.

"గెలిచేశావు పోరా," అంది నాన్నమ్మ, టీ గరిటె పట్టుకుని పెవిలియన్ నుంచి వచ్చేస్తూ. "కప్పు ఇంటికి పట్టుకుపో. ముందు వచ్చి ఆ పిల్ల చెప్పిన చోట నిలబడు."

టామ్‌సిన్ దిబ్బ మీదికి ఎక్కి అక్కణ్ణుంచి చేతులూపింది. ఇద్దరు ఎడమకి, ఒకరు వెనక్కి, లావాటాయన రెండడుగులు ముందుకి. లావాటాయన బెవన్. మొదట నవ్వుకున్నారు. తర్వాత నవ్వు తగ్గిపోయింది. ఇరవై రెండు మంది తెల్లబట్టలవాళ్ళు, రెండు ఊళ్ళవాళ్ళు, పేలవమైన గీతల మీద వరసగా నిలబడ్డారు. గోడలు లేని మందిరానికి వాళ్ళే గోడలయ్యారు. పడమటి వైపు ఒకచోట ఖాళీ మిగిలింది. గుమ్మం అక్కడ. దానికి ఒక పక్క గారెత్, రెండో పక్క గరిటెతో నాన్నమ్మ.

మొదటి చినుకు గారెత్ మెడ మీద పడింది. తర్వాత ఇంకోటి. ఎండిన మట్టి వాసన గుప్పుమంది. పది వారాల తర్వాత వస్తున్న వాన. ఎవరూ కదల్లేదు. జుట్లు తడిసి, చొక్కాలు ఒంటికి అంటుకుపోయినా, పైనున్న అమ్మాయి తల ఎత్తేదాకా అందరూ అలాగే ఉన్నారు. కాళ్ళ కింద గీతలు నెమ్మదిగా కరిగిపోవడం గారెత్ చూశాడు.

"అయిపోయింది!" అని కేక వినబడింది.

టోపీలు ఎగిరాయి. మిగిలినవాళ్ళు పెవిలియన్‌లోకి పరుగెత్తారు. గారెత్ గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. టామ్‌సిన్ బల్లని కోటులో చుట్టి గుండెకి హత్తుకుని దిగి వచ్చింది.

"నీళ్ళు ఎప్పుడు ఆపేశావు?"

"మనం గొడవపడ్డ మర్నాడే."

"మరి నాకు చెప్పలేదేం?"

"మాట్లాడొద్దన్నావుగా."

"అది ఒక్కటే బాగా వింటావు నువ్వు!"

వాన జోరందుకుంది. గారెత్ ఇంక ఆగలేదు. "వలయం సంగతి చెబితే వెళ్ళిపోతావని చెప్పలేదు. అది తప్పే. నీ పని కంటే నా భయం పెద్దదనుకున్నాను. నువ్వంటే నాకు ప్రాణం టామ్‌సిన్. ఇప్పుడు నీ పనైపోయింది, వెళ్ళిపోతావు. వెళ్ళినా సరే, ఇది మాత్రం దాచను."

ఆమె పెదవులు కదిలాయి. అంతలో రోడ్డు మీంచి బస్సు హారన్ మోగింది. ఐదయింది.

"నా పెట్టె!" అంది టామ్‌సిన్. "పబ్ ఆయన బస్సెక్కించేసి ఉంటాడు!"

డ్రాయింగ్ బల్ల గారెత్ చేతుల్లో పెట్టి పరుగెత్తింది. కంచె తలుపు తీసుకుని, రోడ్డు దాటి, బస్సెక్కేసింది. తడిసిన అద్దాల వెనక ఆమె ఆకారం లోపలికి నడవడం కనబడింది. గారెత్ బల్లని చొక్కా కింద దాచి అక్కడే నిలబడ్డాడు. వాన ఆమె చెప్పినంత పనీ చేసింది అనుకున్నాడు. గీతలు పోయాయి, ఆమె కూడా పోతోంది. కళ్ళల్లోకి నీళ్ళు పోతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

బస్సు కదిలింది. మలుపు తిరిగి చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది.

రోడ్డు మీద టామ్‌సిన్ ఉంది. రెండు చేతులతో ఒక పెద్ద పెట్టెని బురదలో ఈడుస్తోంది.

ఆమె కంచె దాకా ఈడ్చి, ఆగి, మొహం మీది జుట్టు తోసుకుంది.

"మందిరం మీద రిపోర్టు రాయాలి. చలికాలం దాకా పడుతుంది," అని అరిచింది వానలోంచి. "మేడమ్‌కి అదే చెబుతాను. అది సాకు. అసలు కారణం నువ్వు. నాకూ నువ్వంటే ప్రాణమే!"

పెవిలియన్ మెట్ల మీద రెండు టీములూ బొమ్మల్లా నిలబడిపోయాయి. నాన్నమ్మ మాత్రం ఇంకో రెండు కప్పులు కడగడానికి లోపలికి వెళ్ళింది.

"గారెత్ ప్రోసర్!" అంది టామ్‌సిన్ నవ్వుతూ, ఏడుస్తూ. "ఇది చాలా బరువుంది. అలా చూస్తూనే నిలబడతావా?"